అరవై ఒకటో నెంబరు

గురువారం పొద్దున తొమ్మిదీ పదికి డిటెక్టివ్ కనకయ్య మహబూబాబాద్ మందు ప్రయోగం సెంటర్లో రమేశ్ ఎదురుగా కూర్చుని, ఆ మనిషి అబద్ధం చెప్పడం ముగించేదాకా ఆగాడు. అది గొప్ప అబద్ధమేం కాదు. చెప్పేవాడికే దాని మీద శ్రద్ధ లేదు.

రమేశ్ ఆ సెంటర్‌కు ఇంచార్జి. అతను చెప్పేదేమంటే, నర్సు భాగ్య తండాల్లో రోగుల దగ్గరికి పోనేలేదట. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని నోటికొచ్చిన అంకెలు రాసిందట. తనిఖీ జరుగుతుందని తెలిసి పోయిన శుక్రవారం పారిపోయిందట. ఆ మధ్యాహ్నం రెండు నలభైకి ఆమె ఫోను బందయింది. ఆ రెండు నలభైని రమేశ్ నాలుగుసార్లు చెప్పాడు. ఒక టైమును నాలుగుసార్లు చెప్పేవాడికి దాన్ని ఎవరో నేర్పి ఉంటారని కనకయ్య అనుభవం.

అతను ఇరవై ఆరేళ్లు సర్కారు గణాంకాల్లో పనిచేసి, రిటైరయ్యాక జనగామలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచాడు. మనుషుల మాటల మీద అతనికి గౌరవం తక్కువ. అంకెల మీద కొంచెం నయం. సోమవారం నాడు భాగ్య తల్లి ముత్తమ్మ వచ్చి, ఇరవై తొమ్మిదేళ్ల బిడ్డ మూడు రోజులుగా కనిపిస్తలేదని చెప్పింది. పోలీసులు వెతుకుతున్నారు, కానీ తప్పిపోయిన మనిషిని కాదు, పారిపోయిన దొంగను. భాగ్య దొంగ లెక్కలు రాసిందని ఫిర్యాదు ఇచ్చిన డాక్టర్ హరితకు భూపాలపల్లిలో సొంత నర్సింగ్ హోం ఉంది. ఈ మందు ప్రయోగానికి పెద్ద ఆమే.

ప్రయోగం దుమ్ములో పనిచేసేవాళ్ల దమ్ము, అంటే ఆయాసం, తగ్గించే పీల్చే పొడి మీద. జనగామలో పత్తి మిల్లు కూలీలు, మహబూబాబాద్ చుట్టుపక్కల మిర్చి కల్లాల్లో పనిచేసేవాళ్లు, భూపాలపల్లిలో బొగ్గు కార్మికులు. సెంటర్‌కు అరవై మంది. సగం మందికి అసలు పొడి, సగం మందికి మందు లేని ఉత్త పొడి. ఎవరికి ఏది పోతోందో ఇచ్చే నర్సుకు కూడా తెలియదు. నెలకోసారి దమ్ముకు ఒక అంకె వేస్తారు. సున్నా అంటే దమ్ము లేదు. ఒకటి అంటే గుట్ట ఎక్కితే వస్తుంది. రెండు అంటే తోటివాళ్లతో సమానంగా నడవలేడు. మూడు అంటే నూరు గజాలకే ఆగిపోతాడు. నాలుగు అంటే అంగీ మార్చుకున్నా రొప్పుతాడు. డిసెంబరు నుంచి మే దాకా, మనిషికి ఆరు అంకెలు.

ప్రయోగానికి అనుమతి ఇచ్చిన కమిటీకి ముత్తమ్మతో దరఖాస్తు పెట్టిస్తే, పేర్లు తీసేసి నెంబర్లతో ఫైలు పంపారు. బుధవారం మధ్యాహ్నం కనకయ్య ఆ ఫైలును తెరిచి తన లెక్క తాను వేసుకున్నాడు. దమ్ము మెట్ల లాంటిది. ఒకటో మెట్టు దాటినవాళ్లెందరు, రెండోది దాటినవాళ్లెందరు, మూడోది దాటినవాళ్లెందరు అని ఒక్కో మెట్టు దగ్గర అడగాలి. పైగా నెలనెలా కొలిచేది అదే మనిషిని కాబట్టి, ఒక్కొక్కరికి తనదైన మట్టం ఒకటి ఉంటుందని లెక్కలో చోటు పెట్టాలి. పోయిన నెల నూరు గజాలకు ఆగినవాడు ఈ నెల గుట్ట మీద ఉరకడు. ఆ మట్టాల్లో మనిషికీ మనిషికీ ఎంత తేడా ఉందో లెక్కే చెబుతుంది. జనగామలో ఆ తేడా చాలా ఉంది. భూపాలపల్లిలో ఇంకా ఎక్కువ. మహబూబాబాద్‌లో ఫిబ్రవరి దాకా బాగానే ఉంది. మార్చి నుంచి ఆ తేడా సున్నా. మార్చిలో నాలుగున్న మనిషి ఏప్రిల్‌లో సున్నా, మేలో మళ్లీ మూడు. అట్లాంటి మనుషులు భూమ్మీద ఉండరు.

"మూడు నెలలు నిజం రాసిన పిల్ల మార్చిల ఎందుకు మారింది?" అని కనకయ్య అడిగాడు.

"ఎండలు ముదిరినయి గద సార్. బద్ధకమైంది."

కనకయ్య అతని వైపు చూసి, ఫ్రిజ్ చూపించమన్నాడు. ఆ పొడిని చల్లగా ఉంచాలని డబ్బా మీదే రాసి ఉంది.

మందులు పెట్టే గది వెనకాల రేకుల షెడ్డు. తొమ్మిదిన్నరకే లోపల నిలబడితే చెమట కారుతోంది. ఫ్రిజ్ గోడకు ఆనించి ఉంది. దాని తలుపుకు తగిలించిన కాగితం మీద రోజూ ఎంత చల్లదనం ఉందో రాశారు. మార్చి ఒకటి నుంచి నిన్నటి దాకా ఐదు, ఐదు, ఐదు. ఒక్కరోజు ఆరు కాలేదు, ఒక్కరోజు నాలుగు కాలేదు. అన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు. కనకయ్య కాగితం పక్కకు జరిపి చూశాడు. తలుపు మీద స్టిక్కరు గీకిన మచ్చ ఉంది. 'నిమ్మ సోడా'లో 'డా' మాత్రం ఊడలేదు. లోపలి అరల మీద సీసా అడుగుల గుండ్రటి తుప్పు మరకలు, వరుసగా పన్నెండు. ఫ్రిజ్‌ను ముందుకు లాగితే కింద నేల మీద దుమ్ము గదంతా ఉన్నట్టే మందంగా ఉంది. అంటే మొన్నటిదాకా అక్కడ ఏమీ లేదు.

రమేశ్‌కు చెమట ఎక్కువైంది. పావుగంటలో అంతా చెప్పాడు. ఫిబ్రవరి చివర్లో అతని బామ్మర్ది బస్టాండ్ దగ్గర కూల్‌డ్రింక్ షాపు పెట్టాడు. ఫ్రిజ్ అక్కడికి పోయింది. మందు డబ్బాలు రేకుల కింద మూడు నెలలు ఉడికాయి. సోమవారం నాడు భయమేసి ఫ్రిజ్ వాపస్ తెచ్చాడు. భాగ్య ఈ సంగతి ఎప్పటినుంచో అడుగుతూనే ఉంది. రిపేరుకు పోయిందని చెబుతూ వచ్చాడు.

"అంకెలు నేను మార్చలే సార్," అన్నాడు. "నాకు కంప్యూటర్ల ఫైలు తెరుసుడే రాదు. భాగ్య రాసిన కాయితాలు పైకి పంపేటోన్ని. గంతే."

ఆ మాట కనకయ్య నమ్మాడు. నిజాయితీ చూసి కాదు. తొంభై రోజులూ ఐదు తప్ప ఇంకో అంకె వేయనివాడికి ఆ తెలివి ఉండదు.

పదకొండున్నరకు అతను నర్సింహులపేట దాటి తండాలో దిగాడు. ఆ తండాలో ప్రయోగంలో ఉన్నవాళ్లు ఇరవై మంది. పదిహేడో నెంబరు వాల్యా రేకుల పందిరి కింద మంచంలో కూర్చుని ఉన్నాడు. మిర్చి బస్తాలు మోసిన భుజాలు ఇంకా బలంగానే ఉన్నాయి. గాలి మాత్రం అందడం లేదు. లేచి నిలబడబోయి మళ్లీ కూర్చున్నాడు. అతని భార్య గోరీ మాట్లాడింది.

భాగ్య ఇంటింటికీ వచ్చేదని గోరీ చెప్పింది. రోడ్డు మీద నూరు గజాలు కొలిచి సున్నం గీత గీసింది. ప్రతి ఒక్కరినీ నడిపించి, తనూ పక్కన నడిచి, అంకె తన కాగితంలో ఒకటి, వాళ్ల కార్డులో ఒకటి రాసేది. కనకయ్య వాల్యా కార్డు చూశాడు. రెండు, రెండు, రెండు, మూడు, మూడు, నాలుగు. తన ఫైలులో పదిహేడో నెంబరు చూశాడు. రెండు, రెండు, రెండు, సున్నా, నాలుగు, ఒకటి.

గోరీ ఇరవై ఇళ్లు తిరిగి కార్డులన్నీ తెచ్చింది. కనకయ్య మంచం మీద పరిచి, ఫోనులో ఫోటోలు తీసుకుని, గంటసేపు చూశాడు. ఫిబ్రవరి దాకా ప్రతి కార్డూ ఫైలుతో కలిసింది. మార్చి నుంచి ఒకటీ అరా తప్ప కలవలేదు. కానీ ఏ నెలకు ఆ నెల లెక్కపెడితే, కార్డుల్లో ఎన్ని నాలుగులున్నాయో ఫైలులోనూ అన్నే. మూడులూ అన్నే. సున్నాలూ అన్నే. ఎవరూ అంకెలు పుట్టించలేదు. భాగ్య రాసిన నిజం అంకెల్నే తీసి, ఒకరివి ఇంకొకరికి పంచారు. తండా వారీ మొత్తాలు నెలనెలా ముందే మందు కంపెనీకి పోయేవి కాబట్టి వాటిని ముట్టుకునే వీలు లేదు. మనుషుల్ని మార్చే వీలుంది.

ఎందుకు మార్చారో కూడా కార్డుల్లోనే ఉంది. ఇరవైలో తొమ్మిది మందికి మార్చి నుంచి దమ్ము మెట్టు మెట్టుగా పెరిగింది. పదకొండు మందికి, మిర్చి పని సన్నగిల్లి దుమ్ము తగ్గినకొద్దీ, దిగింది. పెరిగిందీ దిగిందీ కలిసి మొత్తం కదలనట్టు కనిపించింది. ఆ తొమ్మిది మందే అసలు పొడి పీల్చినవాళ్లు. ఎండకు ఉడికి విషమైన పొడి.

శుక్రవారం ఏం జరిగిందని అడిగాడు. భాగ్య మూడుంబావుకు వచ్చిందని గోరీ చెప్పింది. ఫోనులో చార్జింగు అయిపోయిందన్నది. ఇదే మంచం మీద ఇవే కార్డులు పరుచుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి ఇరవై ఇళ్లకు కాదు, తొమ్మిది ఇళ్లకే పోయింది.

"మా డబ్బా గూడ తీసుకున్నది సారూ. ఇగ పీల్చకుండ్రి, గిది మందు కాదు అన్నది. ఏడ్చింది గూడ. నా చేతులతోనే ఇచ్చిన గదా అక్కా అన్నది."

ఐదింటికి కొంచెం ముందు ఆమె వాల్యా ఫోను అడిగి ఒక నెంబరుకు మాట్లాడింది. డబ్బాలు పట్టుకుని వస్తున్నానని మాత్రం గోరీకి వినబడింది. ఐదూ ఐదుకు తొమ్మిది డబ్బాల సంచితో ఆటో ఎక్కింది. కనకయ్య వాల్యా ఫోనులో చూశాడు. శుక్రవారం, నాలుగు యాభై, మూడు నిమిషాలు. ఆ నెంబరుకు తన ఫోను నుంచి చేస్తే మోగింది, ఎవరూ ఎత్తలేదు. నెంబరు రాసుకున్నాడు.

జనగామ బస్సులో కూర్చున్నాక అతనికి కోపం వచ్చింది. కంప్యూటరు లేకుండా, మంచం మీద ఇరవై కార్డులు పరుచుకుని ఒక నర్సు గంటసేపట్లో పట్టుకున్న సంగతి, దానికోసమే ప్రయోగంవాళ్లు పిలిపించుకున్న లెక్కల పెద్దమనిషి ఆరు నెలల్లో చూడలేదు. ఆ పెద్దమనిషి పేరు నగేష్. హైదరాబాదులో ఉంటాడు, ఈ వారం నివేదిక పని మీద జనగామ సెంటర్‌కు వచ్చాడు. ఒకప్పుడు కనకయ్య దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు మీటింగుల్లో కనకయ్య యాసలో మాట్లాడి అందరినీ నవ్విస్తాడని విన్నాడు.

మూడు నలభైకి జనగామ సెంటర్లోకి పోయేసరికి నగేష్ ఏసీ గదిలో ఒక్కడే ల్యాప్‌టాప్ ముందు ఉన్నాడు. మర్నాడు కంపెనీవాళ్లకు చూపించాల్సిన నివేదిక తయారైంది. మూడు సెంటర్లలోనూ మందు భద్రమని అందులో ఉంది.

"రండి కనకయ్య గారూ," అన్నాడు లేవకుండా. "నర్సులు తప్పిపోతే మీరు వెతుకుతున్నారట. మంచి వ్యాపకం."

"నీ నివేదికల మనుషులెంతమంది?"

"వెయ్యీ ఎనభై."

"నూట ఎనభై," అన్నాడు కనకయ్య. "ఒక్కొక్కన్ని ఆరుసార్లు లెక్కపెట్టి ఆర్గురిని చేసినవ్. వాల్యా అనే మనిషి ఒక్కడే ఉన్నడు. ఇప్పుడే చూసొచ్చిన."

నగేష్ మొహం చిట్లించి, అంత పెద్ద సంఖ్యలో అదేమీ తేడా చేయదన్నాడు. కనకయ్య అదే గొంతుతో రెండో ప్రశ్న అడిగాడు. ఐదు మెట్లను ఎన్ని చేశావు? రెండు, అన్నాడు నగేష్. సున్నా, ఒకటి మంచిది. రెండు, మూడు, నాలుగు చెడ్డది. కంపెనీవాళ్లకు సులువుగా అర్థం కావాలి.

"మంచిగ అర్థమైతది," అన్నాడు కనకయ్య. "రెండున్నోడు నాలుగుకు వొయ్యిండు. నడిచేటోడు మంచాన పడ్డడు. నీ లెక్కల వాడు ఎక్కడున్నోడు అక్కడనే ఉన్నడు. మెట్లు విరగ్గొట్టినవ్, మనిషిని ఆరు ముక్కలు చేసినవ్, ఇగ నీకేం కనబడతది?"

"మీ కాలం లెక్కలు మీవి. నా పద్ధతిని ఇద్దరు ప్రొఫెసర్లు చూశారు."

"వాళ్లు నీ ముఖం చూసి ఉంటరు."

కనకయ్య ఇరవై కార్డుల ఫోటోలు ఒక్కొక్కటే అతని ముందు పెట్టాడు. పక్కన ఫైలు. నగేష్ మొదట నవ్వుతూ చూశాడు. ఎనిమిదో కార్డు దగ్గర నవ్వు ఆగింది. తనంతట తానే ల్యాప్‌టాప్ దగ్గరికి జరిగి, మనిషికో మట్టం పెట్టి, ఐదు మెట్లూ ఉంచి, మార్చి నుంచి లెక్క మళ్లీ వేశాడు. మనుషుల మధ్య తేడా సున్నా అని తెర మీద పడింది. ఈ లెక్క వేయడానికి అతనికి పట్టింది నాలుగు నిమిషాలు. ఆరు నెలలుగా ఆ నాలుగు నిమిషాలు దొరకలేదు.

"నేను మార్చలేదు," అన్నాడు చివరికి.

"నాకు ఎరుకే. మార్చాల్నంటే ముందు చూడాలె గదా. నువ్వు చూడనే లేదు. చూడవని తెలిసినోళ్లే నీకు పని ఇచ్చిన్రు. మహబూబాబాద్ అంకెలు నీకు ఎవరు పంపిన్రు?"

మార్చి నుంచి ఆ సెంటర్ కంప్యూటరు పాడయిందని చెప్పి, డాక్టర్ హరితే స్వయంగా ఎక్కించి పంపేవారని నగేష్ చెప్పాడు. కనకయ్య జేబులోంచి నెంబరు తీసి అతని ముందు పెట్టాడు. నగేష్ తన ఫోనులో ఆ అంకెలు నొక్కాడు. పేరు వచ్చింది. హరిత మేడం.

కనకయ్యకు శుక్రవారం జరిగింది అర్థమైంది. అంకెలు ఎవరు మార్చారో భాగ్యకు తెలియదు. మనుషులకు హాని జరుగుతోందని మాత్రమే తెలుసు. అందుకే తొమ్మిది డబ్బాలూ సంచిలో వేసుకుని, అందరికంటే పెద్ద డాక్టరుకు చెప్పుకుందామని పోయింది. ఒక సెంటర్ పాడయిందని తెలిస్తే ప్రయోగం మొత్తం ఆగిపోతుంది. అది ఆగకుండా ఉండాలని మార్చి నుంచి మనుషుల్ని తారుమారు చేసిన ఆమె దగ్గరికే పోయింది.

భూపాలపల్లి అంకెలు చూపించమన్నాడు. శుభ్రం చేసినవి కాదు, వచ్చినవి వచ్చినట్టు.

నగేష్ తెరిచాడు. కింది వరుస దాకా వచ్చి ఆగిపోయాడు. అరవై మంది ఉండాల్సిన చోట అరవై ఒకరు ఉన్నారు. సోమవారం ఫైలు శుభ్రం చేసేటప్పుడు ఆ వరుసను తన కాపీలోంచి తనే తీసేశానని ఒప్పుకున్నాడు. ఐదు నెలల అంకెలు లేని మనిషి లెక్కకు పనికిరాదని తీసేశాడు. ఎవరని అడగలేదు. కొత్త నెంబరు, కొత్త అంకె వేయకపోతే భూపాలపల్లిలో మందు ఇచ్చే మిషన్ డబ్బాకు తాళం తీయదు, అందుకే ఆ వరుస పుట్టి ఉంటుందని ఇప్పుడు చెబుతున్నాడు.

అరవై ఒకటో నెంబరు: ఆడమనిషి, ఇరవై తొమ్మిదేళ్లు. ఇచ్చిన డబ్బా మీద మహబూబాబాద్ సెంటర్ గుర్తు, పదిహేడో రోగి నెంబరు. వాల్యా డబ్బా. శనివారం ఒకటి. సోమవారం మూడు. నిన్న మూడు. ఈరోజు మధ్యాహ్నం పన్నెండింటికి నాలుగు.

"బతికే ఉంది," అన్నాడు నగేష్.

అప్పుడే అతని ఫోను మోగింది. తెర మీద అదే పేరు. కనకయ్య స్పీకరు పెట్టమని సైగ చేశాడు.

"నగేష్ గారూ, అరవై ఒకటి రికార్డు ఇప్పుడు మీరే తెరిచారా? ఎవరు తెరిచినా నాకు మెసేజ్ వస్తుంది." గొంతు మెత్తగా ఉంది.

నగేష్ కనకయ్య వైపు చూశాడు. "అవును మేడం. తీసేద్దామని. ఒక్క మనిషే కదా, లెక్కకు అడ్డం."

"తొందరపడకండి. ఐదింటికి ఇంకో రీడింగు ఉంది. అది పడ్డాక రికార్డు దానంతటదే మూసుకుంటుంది. అప్పుడు తీసేయండి."

ఫోను పెట్టేసింది. కనకయ్య అప్పటికే లేచి తన ఫోనులో భూపాలపల్లి పోలీసుల నెంబరు నొక్కుతున్నాడు. నొక్కుతూనే అడిగాడు.

"రికార్డు దానంతటదే ఎప్పుడు మూసుకుంటది?"

"ఆరు రీడింగులు నిండితే."

"గామెకు నాలుగే ఉన్నయి. ఐదోది పడంగనే ఎట్ల మూసుకుంటది?"

నగేష్ తెర మీద రికార్డు ముగింపుకు ఉన్న రెండు గడుల్లో రెండోదాని మీద వేలు పెట్టాడు. ఆ గడిలో 'మరణం' అని ఉంది.

భూపాలపల్లి మూడు గంటల దారి. టైము నాలుగూ పన్నెండు అయింది. అవతల ఫోను ఇంకా మోగుతూనే ఉంది.